గృహారోగ్యము: పంటి ఫోటోకు భయపడనేల?



గత రెండు మాసములుగా మాకు వచ్చిన యుత్తరములలో పంటి బాధలను గూర్చినవే యెక్కువ. శ్రావణమాసపు పిండివంటలును, వానకాలపు పంటిపోటును ఒక్కసారే వచ్చుటచేత గాబోలునని మొదట నవ్వుకొంటిమి. కాని యొక సోదరి వ్రాసిన జాబు చదివిన పిమ్మట నవ్వు మాని కలము పట్టవలసి వచ్చినది. ఆమె తొమ్మిదేండ్ల కుమారునకు దవడపన్ను పుచ్చి, రాత్రులు నిద్రలేక యేడ్చుచున్నాడట. దంతవైద్యుడు ఎక్స్‌రే తీయవలెననగా, పొరుగింటి పెద్దమ్మ "పసివాని తలకు ఆ కిరణములు తగిలిన మెదడు చెడును" అని వారించినదట. "ఎవరి మాట వినమందురు?" అని ఆమె ప్రశ్న.

జవాబు చెప్పుటకు ముందు మా తప్పొకటి ఒప్పుకొనవలసి యున్నది. ఆ పెద్దమ్మ పలికిన మాటవంటిదే మేమును ఒకప్పుడు పలికితిమి.

నిరుడు దసరాకు మా ఆడబిడ్డ మా యింటికి వచ్చెను. అప్పటికామెకు ఆరవ మాసము. వచ్చిన నాటినుండియు క్రింది దవడలో ఎడమవైపు పన్ను పోటుపెట్టుచున్నదని చెంప పట్టుకొని కూర్చుండెడిది. మా పట్టణములోని దంతవైద్యునకు చూపించితిమి. ఆయన పన్ను తట్టి చూచి, "వేరుదగ్గర చీము పట్టినట్లున్నది, చిన్న ఫోటో యొకటి తీసిన గాని నిశ్చయింపలేను" అనెను. మేము వెంటనే "గర్భిణికి ఎక్స్‌రేయా!" అని లేచి, ఆమె చేయి పట్టుకొని యింటికి తీసికొనివచ్చితిమి. ఆయన చెప్పబోయిన మాట పూర్తిగా వినను గూడ లేదు. ఇంట లవంగతైలము దూదితో అద్దితిమి, ఉప్పునీరు పుక్కిలింపజేసితిమి, రాత్రివేళ నొప్పి హెచ్చినప్పుడు మందుల దుకాణమునుండి మాత్రలు తెప్పించి యిచ్చితిమి. కిరణములు కడుపులోని బిడ్డకు చేటని వద్దన్న మేమే, ఆ మాత్రలు బిడ్డకు మేలో కీడో యని యెవ్వరిని అడుగలేదు.

ఆరవనాటికి వాపు దవడ దాటి మెడవరకు దిగెను. నోరు రెండు వ్రేళ్లు పట్టునంతయైన తెరచుకొనదాయెను. జ్వరము వచ్చెను. ఆ రాత్రియే నగరములోని వైద్యశాలకు తీసికొనిపోతిమి. అచ్చట మొదట చేసిన పని ఎక్స్‌రే తీయుటయే. అందుకు పట్టిన కాలము కనురెప్పపాటు. చీము తీసి, పన్ను పెరికి, నరములద్వారా మందులెక్కించి, నాలుగు దినములు పడకపై నుంచిరి. పెద్ద వైద్యురాలు వచ్చి, "మొదటనే ఫోటో వద్దన్నదెవరు?" అని యడిగినది. మేము తలవంచుకొంటిమి. మంచముమీదనుండి మా ఆడబిడ్డ, మాట సరిగా రాని నోటితో, "నేనే వద్దన్నానండీ, భయపడి" అన్నది. వదినెను మాట పడనీయక తప్పు తనమీద వేసికొన్నది. దైవానుగ్రహమున మాసములు నిండి బిడ్డ క్షేమముగా పుట్టెను. ఇప్పుడు పాలపన్ను తలచూపుచున్నదని మొన్ననే జాబు వచ్చినది. అయినను ఆ వైద్యశాల గదిలోని మాట మేము మరువలేదు. ఆ వైద్యురాలి నడిగియు, మేష్టరుగారు తెచ్చియిచ్చిన పుస్తకములు చదివియు మేము తెలిసికొన్న సంగతులు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ కిరణముల పూర్వకథ

జర్మనీదేశమున వుర్జ్‌బర్గు పట్టణములో రాంట్‌జెన్ అను శాస్త్రవేత్త 1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఈ కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరులోనే తన భార్య చేతిని ఆ కిరణములకు చూపి, వ్రేళ్ల యెముకలును, వ్రేలి యుంగరమును కనబడునట్లు ఫోటో తీసెను. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెలు బహుమానము ఆయనకే వచ్చినది. సంగతి లోకమునకు తెలిసిన కొలదిదినములకే, 1896 జనవరిలో, ఆ దేశపు దంతవైద్యుడే యగు వాల్‌ఖాఫ్ తన పండ్లకు తానే ఫోటో తీసికొనెను. అందులకై ఆయన 25 నిమిషములు కదలక యుండవలసి వచ్చెనట. నేడు ఆ పని సెకనులో కొద్ది భాగమున ముగియుచున్నది. ఈ భేదము నొక్కదానిని గుర్తుంచుకొన్నను భయము సగము తగ్గును.

మరియొక కథయు చెప్పక తప్పదు. అమెరికాలో న్యూ ఆర్లియన్సు పట్టణమున కెల్సు అను దంతవైద్యుడు 1896లోనే ఈ విద్య నారంభించెను. యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుటకు ప్రతిసారియు తన చేతినే కిరణములకు అడ్డుపెట్టెడివాడు. ఏండ్ల తరబడి యట్లు చేయుటచేత ఆ చేతికి పుండ్లు పడి, వ్రేళ్లును, పిదప చేయియు తీసివేయవలసి వచ్చి, మిక్కిలి బాధలు పడి 1928లో మరణించెను. కిరణములు ఆటవస్తువులు కావనుటకు ఆయన జీవితమే సాక్ష్యము. ఫోటో తీయువారు మనలను కుర్చీలో కూర్చుండబెట్టి తాము దూరముగా పోయి మీట నొక్కుదురు. అది చూచి, "అంత మంచిదైనచో తానేల తలుపు వెనుకకు పోవలెను?" అని మనకు శంక కలుగును. మనకు ఫోటో ఏడాది కొకటియో రెండో. వారికి దినమునకు పదులకొలది. ఒక్కొక్కసారి యెంత స్వల్పమైనను, నిత్యము కలిసిన పెద్దదగును గనుక వారు దూరముగా నిలుచుట న్యాయమే.

డిజిటల్ అనగా నేమి?

మన తల్లుల కాలమున నోటిలో చిన్న ఫిల్ము ముక్క నుంచి ఫోటో తీసి, చీకటిగదిలో మందునీళ్లలో కడిగి, ఆరబెట్టి చూచెడివారు. ఇప్పుడు ఫిల్మునకు బదులు సెన్సరు అను పలుచని బిళ్ల యుంచుదురు. తపాలా బిళ్లకంటె కొంచెము పెద్దది, కొంచెము మందమైనది. సాధారణముగా వెనుక తీగ యుండును. కిరణములు పంటిని దాటి దానిపై పడగా, ఆ నీడను అంకెలుగా మార్చి కంప్యూటరునకు పంపును. కొన్ని సెకనులలో బొమ్మ తెరమీద కనబడును. ఫ్రాన్సుదేశమున మూయెన్ అను దంతవైద్యుడు కల్పించిన ఈ పద్ధతి 1987లో వాడుకలోనికి వచ్చినది. దానికి పెట్టిన రేడియోవిజియోగ్రఫీ యను పేరును కుదించియే మన వైద్యశాలలలో నేటికిని "ఆర్.వి.జి. తీయించుకొనిరండు" అని చెప్పుచున్నారు. తీగ లేని పలుచని పలకలు మరియొక రకము. వానిని నోటినుండి తీసిన పిదప వేరొక యంత్రములో చదివింతురు.

ఇందువలని లాభములు మూడు. కిరణములు తక్కువ చాలును. వెనుకటి ఫిల్ము రకమునుబట్టి సగము వరకును, కొన్నియెడల అంతకు మించియు తగ్గును. బొమ్మ వెంటనే వచ్చును గనుక వైద్యుడు దానిని పెద్దదిచేసి, నలుపు తెలుపులు సరిచేసి, మనకును చూపి చెప్పవచ్చును. చెడిపోక నిలిచియుండును గనుక రెండేండ్ల తరువాతి బొమ్మతో పోల్చి చూడవచ్చును. నష్టమును లేకపోలేదు. సెన్సరు గట్టిది, చిన్ననోళ్లలో ఒత్తుకొని వికారము పుట్టించును. తీయుట సులభమైనది గనుక, సరిగా రాలేదని మరల మరల తీయు నలవాటు కొందరికి పట్టును. ఒక్కొక్కదానిలో మిగిల్చిన లాభమును నాలుగు తీసి పోగొట్టుకొన్న ఫలమేమి?

ఎన్ని రకములు?

మొదటిది ఒకటి రెండు పండ్లను వేరు కొనవరకు చూపు చిన్న ఫోటో. రెండవది పై పండ్లు, క్రింది పండ్లు కలిపి కొరికియుండగా తీయునది. పంటికిని పంటికిని నడుమ దాగిన పుచ్చు దీనిలోనే బాగుగ కనబడును. మూడవది ఓ.పి.జి.; మనము నిలుచుండగా యంత్రము తలచుట్టు తిరిగి, రెండు దవడలను, పండ్లన్నిటిని ఒకే బొమ్మగా చూపును. జ్ఞానదంతము అడ్డముగా పడుకొన్నదా, పిల్లలకు రావలసిన పండ్లన్నియు లోపలనున్నవా యను సంగతులకిది తగినది. నాలుగవది సి.బి.సి.టి.; ఎముకను పొడవు, వెడల్పు, లోతులతో చూపును. కృత్రిమదంతము నెముకలో నాటునప్పుడును, నరమునకు దగ్గరగా నున్న జ్ఞానదంతము తీయునప్పుడును ఇది యుపకరించును. సామాన్యమైన పుచ్చునకు దీనితో పనిలేదు. దీనికి కిరణములును, రుసుమును హెచ్చు.

కొలత తెలిసిన భయము తీరును

ఇంటిలో ఉప్పు చిటికెడా, సోలెడా యని చూడక వండుదుమా? కిరణములకును కొలత కలదు. దానిని మైక్రోసీవర్టులలో చెప్పుదురు. మనము ఏ యంత్రము దగ్గరకును పోకున్నను భూమినుండియు, గాలినుండియు, ఆకాశమునుండియు, తిను ఆహారమునుండియు ఇట్టి కిరణములు మనకు నిత్యము తగులుచునే యుండును. లోకమంతటి సగటు చూచిన నది యేడాదికి సుమారు 2,400 మైక్రోసీవర్టులు. అనగా దినమునకు ఆరేడు. కేరళ తీరమున కరునాగపల్లి ప్రాంతమున ఇసుకలోని మోనజైటు వలన నిది యింతకు కొన్నిరెట్లుండును. మన భీమునిపట్టణము దగ్గరి తీరపు టిసుకలోను ఆ మోనజైటు కలదు.

డిజిటల్ పద్ధతిలో తీసిన చిన్న పంటి ఫోటో యొక్కటికి సుమారు 5 మైక్రోసీవర్టులు. తరచుగా నంతకును తక్కువ. అనగా మనము ఊరక యింట కూర్చున్నను ఒక దినములో తగులు నంతకు మించదు. ఓ.పి.జి.కి సుమారు 10 మొదలు 25 వరకు. సుమారు రెండు మొదలు నాలుగు నాళ్ల లెక్క. సి.బి.సి.టి.కి మాత్రము కొన్ని పదులనుండి కొన్ని వందల వరకు నుండును. యంత్రమును, చూపు భాగపు పరిమాణమును బట్టి మారును. కావున "ఎక్స్‌రే" యన్న ఒక్క మాటతో నన్నిటిని ఒక గాటను కట్టరాదు. చిన్న ఫోటోకు భయపడి నొప్పి దాచుకొనుట యెంత పొరపాటో, పెద్ద స్కానును అడుగక తీయించుకొనుటయు నంత పొరపాటే.

స్వల్పమైనది గదా యని అవసరము లేనిదే తీయుట ధర్మము కాదు. ప్రయోజనమున్నప్పుడే తీయవలెననియు, తీసినప్పుడు పనికి చాలినంత తక్కువతో తీయవలెననియు శాస్త్రజ్ఞులు నియమము పెట్టుకొన్నారు. కిరణములు వచ్చు గొట్టపు మూతి గుండ్రముగాక సెన్సరు ఆకారమునకు సరిపోవు దీర్ఘచతురస్రముగా నున్నచో తగులు కిరణములు సగమైనను తగ్గును. "ఆరు మాసములకొకసారి అందరికిని తీయవలెను" అను మాట సరికాదు. పుచ్చులు తరచుగా వచ్చువారికి తొందరగను, పండ్లు గట్టిగానున్న పెద్దవారికి రెండు మూడేండ్లకొకసారియు చాలును. నోరు చూచిన పిమ్మటనే వైద్యుడు దానిని నిర్ణయింపవలెను. నోరు తెరచి చూడకమునుపే ఫోటోకు పంపువారిని, "ఏమి చూడవలెనని తీయుచున్నారు?" అని మర్యాదగా నడుగుటలో తప్పులేదు.

సీసపు కవచము

వెనుక ఎక్స్‌రే తీయునప్పుడు రొమ్మునకు, మెడకు సీసపు కవచము కప్పెడివారు. ఇప్పుడు కొన్నిచోట్ల కప్పరు. నిర్లక్ష్యమని మనకు కోపము వచ్చును. 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికా దంతవైద్య సంఘమువారు ఈ కవచములు ఇక నవసరము లేదని ప్రకటించినారు. నేటి యంత్రములలో కిరణములు గురిచూచినట్లు పంటిమీదనే పడును. దేహము లోపల చెదరిన కొద్దిపాటి కిరణములను పైన కప్పిన కవచము ఆపజాలదు. పైగా మెడకు కట్టిన పట్టీ ఓ.పి.జి.లో అడ్డుపడి బొమ్మ చెడి, మరల తీయవలసి వచ్చును. మన వైద్యశాలలలో కొన్నిట నింకను కప్పుచున్నారు. కప్పిన వద్దనవలదు, కప్పకున్న కలహింపవలదు.

గర్భిణుల సంగతి

మా ఆడబిడ్డ బాధ మూలమున నీ భాగము వ్రాయుటకు మాకు హక్కు కలదనుకొందుము. పంటి ఫోటోలో కిరణములు దవడకు గురిపెట్టబడును. గర్భమునకు చేరునది లెక్కకు రానంత స్వల్పము. చికిత్సకు అవసరమైనప్పుడు గర్భిణులకు పంటి ఎక్స్‌రే తీయవచ్చునని అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘమును, దంతవైద్య సంఘమును చెప్పుచున్నవి. వాయిదా వేయదగిన సామాన్య పరీక్షలను ప్రసవానంతరము చూచుకొనవచ్చును. వాపు, జ్వరము, చీము ఉన్నప్పుడు మాత్రము వాయిదాయే ప్రమాదము. దవడలో పుట్టిన చీము మెడలోనికి దిగి ఊపిరికే అడ్డుపడవచ్చును.

గర్భిణియైనచో ఆ మాట దంతవైద్యునకు మొదటనే చెప్పవలెను; ఫోటోకొరకు మాత్రమే కాదు, మందులకొరకు. నొప్పికి వాడు ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను 20 వారములు దాటిన గర్భిణులు వాడరాదని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. మేము దుకాణమునుండి తెప్పించినవి ఆ జాతివే. వైద్యురాలు ఆ మాత్రల యట్ట చూచి, "ఫోటోకు భయపడి వీని నిచ్చితిరా?" అన్నప్పుడు మా నోట మాట రాలేదు. కనబడని కిరణమునకు జడిసి, కంటియెదుటి మాత్రను నమ్మితిమి.

పిల్లల సంగతి

ఇక జాబు వ్రాసిన సోదరికి. అమ్మా, తొమ్మిదేండ్ల బాలునకు దవడపన్ను పుచ్చినదనగా మొదట తెలియవలసినది ఆ పన్ను పాలపన్నా, స్థిరదంతమా యని. ఆరవ యేట పాలపండ్ల వెనుకగా నొక్కొక్క పెద్ద దవడపన్ను పుట్టును. దానికొరకు ఏ పన్నును ఊడదు గనుక తల్లులు దానిని కూడ పాలపన్నే యనుకొని, "ఊడునదేగదా" యని యుపేక్షింతురు. అది జన్మాంతము నిలువవలసిన పన్ను. పోయిన మరల రాదు. పాలపన్నే యైనను, దవడపాలపండ్లు కొన్ని పదిపండ్రెండేండ్ల వరకు నిలిచి, క్రింద పెరుగు పంటికి చోటు కాచుచుండును. పుచ్చు ఎంతలోతు పోయినది, వేరు క్రింద చీము చేరినదా, అడుగున రాబోవు పన్ను ఏ స్థితిలో నున్నది యను ఈ మూడు సంగతులును కంటితో తెలియవు. చిన్న ఫోటోలో తెలియును.

పిల్లల దేహము పెరుగునది గనుక పెద్దలకంటె వారికి కిరణములయెడ జాగ్రత్త హెచ్చుగా నుండవలెననుట నిజమే. అందుచేత వారికి యంత్రమును తగ్గించి పెట్టుదురు, "బాలునకు తగినట్లు తగ్గించినారా?" అని మీరడుగవచ్చును. మెదడు చెడుననుట మాత్రము వట్టి మాట. ఒక్క ఫోటో తీయించి, వెంటనే చికిత్స చేయించుడు. పెద్దమ్మగారు ప్రేమచేతనే వారించినారు. ఆమెకు కోపముతో బదులు చెప్పక, పైన వ్రాసిన కొలత చదివి వినిపింపుడు.

ఫోటోకు పోవునప్పుడు

ఓ.పి.జి.కిగాని సి.బి.సి.టి.కిగాని పోవునప్పుడు చెవికమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు, మెడలోని గొలుసులు, కట్టుడుపండ్లు తీయవలసియుండును. లోహము కిరణములను ఆపి నీడ వేయును. ఒక చెవి కమ్మ నీడ రెండవవైపు దవడమీద దయ్యమువలె కనబడి వైద్యుని భ్రమపెట్టును. ఒకటి రెండు పండ్ల చిన్న ఫోటోకు సామాన్యముగా నీ బాధ లేదు. మంగళసూత్రము తీయుటకు మనసొప్పనివారు సిగ్గుపడక ముందుగనే చెప్పవలెను. కిరణముల దారికి అడ్డురాకుండ దిగువకు జార్చుటకు వీలున్నదో లేదో వారు చూచి చెప్పుదురు. చెప్పకయే చీర కొంగున దాచిన, బొమ్మ చెడి రెండుమారులు తీయవలసి వచ్చును. నగలను ఇంటనే విడిచి పోవుట మరియు మేలు.

సెన్సరును ఉడికించి శుద్ధిచేయుటకు వీలులేదు. కావున ఒక్కొక్కరికి క్రొత్త పలుచని తొడుగు తొడిగి, తీసిన పిదప దానిని పారవేసి, సెన్సరును మందుతో తుడువవలెను. "తొడుగు క్రొత్తదేనా?" అని యడుగుట మన హక్కు. సెన్సరును నోటిలో నిలుపుటకు పట్టుకొయ్యవంటి సాధనము కలదు. మన వ్రేలితో పట్టుకొనుటకంటె నదియే మేలు, గురి తప్పదు. పనివారు తమ వ్రేలితో పట్టుకొనుట యెంతమాత్రము తగదు; కెల్సుగారి చేయి జ్ఞప్తి యున్నది గదా. వికారము వచ్చువారు ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చుచు, కాలి బొటనవ్రేలి నొకదానిని కదల్చుచు దానిమీద మనసుంచిన, ఆ నాలుగు సెకనులు గడచిపోవును.

బొమ్మ చెప్పునది, చెప్పనిది

సుశ్రుతుడు నోటి రోగములను 65గా లెక్కించి, కంటితో చూచి, చేతితో తాకి వాని లక్షణముల నెంతో సూక్ష్మముగా చెప్పినాడు. ఎముక లోపలి చూపు ఆ మహానుభావునకు లేదు. నేడు పల్లెటూరి వైద్యునకును కలదు. అయినను ఆ చూపునకును హద్దులు కలవు. సంజయునకు దివ్యదృష్టి కలిగినది. యుద్ధమంతయు చూచి చెప్పినాడు. తీర్పు మాత్రము ఆ చూపులో లేదు. బొమ్మయు నట్టిదే. చిగుళ్ల వాపు దీనిలో కనబడదు. పంటిలోని సన్నని బీట తరచుగా కనబడదు. వేరు కొన చీము పట్టిన క్రొత్తలో, ఎముకలోని సారము కొంత కరగిన గాని జాడ తెలియదు. పుచ్చు బొమ్మలో కనబడునంతకంటె లోపల సాధారణముగా కొంచెము పెద్దదిగనే యుండును. మరియు మయసభలో దుర్యోధనునకు నేల నీరుగను, నీరు నేలగను తోచినట్లు, ఒకదానిపై నొకటి పడిన నీడలు లేని పుచ్చును ఉన్నట్లు చూపుటయు కలదు. ఈ నడుమ పుచ్చులను తానై గుర్తుపెట్టి రంగులు వేయు కంప్యూటరు ఏర్పాటులును వచ్చినవి. అవి సహాయమే, నోరు చూచి, నొప్పి కథ విని, బొమ్మ చూచి నిర్ణయింపవలసినది వైద్యుడే. కావున "ఎక్స్‌రేలో నేమియు లేదట" యని నొప్పిని ఉపేక్షింపరాదు. "బొమ్మలో నల్లగా నున్నది" అన్నంతమాత్రమున పన్ను పెరికించుకొననురాదు.

మన బొమ్మ మన సొత్తు

తెరమీద చూపి విడువక, బొమ్మ నకలు మనకిమ్మని యడుగవలెను. తెరను ఫోనుతో ఫోటో తీసికొన్న చాలదు. సన్నని భేదములు పోవును. అసలు ఫైలును పంపుమని కోరి, తేది వేసి, ఇంటి కాగితములతో దాచుకొనుడు. మాకు తెలిసిన యొకామె ఒక వైద్యునియొద్ద తీయించుకొన్న రెండు నెలలకే వేరొకరియొద్దకు పోగా, నకలు చేత లేనందున అదే పంటికి మరల రుసుమిచ్చి తీయించుకొనవలసి వచ్చినది. సొమ్ముపోయిన దటుండగా, కిరణములును వృథాగ తగిలినవి.

మన దేశమున ఎక్స్‌రే యంత్రములకు 1983లో నేర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి యుండవలెను. పంటి యంత్రములకును ఈ నియమము వర్తించును. అనుమతి పత్రము ఉన్నదా యని యడుగుటకు జంకనక్కరలేదు. నియమముగా నడుపువారు సంతోషముతో చూపుదురు.

తుదకు, కుర్చీలో కూర్చుండకమునుపు అడుగవలసిన మాటలు ఇవి: 1. ఈ ఫోటోవలన నేమి తెలియవలసి యున్నది? 2. పాత ఫోటో యున్న అది చాలునా? 3. చిన్నది చాలునా, పెద్దదే కావలెనా? 4. తొడుగు క్రొత్తదేనా? 5. నకలు ఇత్తురా? వైద్యునకు మనము చెప్పవలసినవి రెండే: గర్భవతినా కాదా, ఇదివరకు ఎప్పుడు తీయించుకొంటిని. ఈ పుటను కత్తిరించి మందులపెట్టెలో నుంచుకొన్న మంచిదే.

సోదరీమణులారా, మేము ఆనాడు దంతవైద్యుని ఒక్క ప్రశ్న అడిగియుండిన చాలును. అడుగక లేచి వచ్చితిమి. దాని ఫలము నాలుగు దినములు మా ఆడబిడ్డ అనుభవించినది. పసిబిడ్డను చూచుటకు వచ్చే నెల వారి యూరు పోవుచున్నాము. వైద్యురాలితో నామె చెప్పిన మాటను మేమింతవరకు నామెయెదుట ఎత్తలేదు. ఈసారి ఈ సంచికను చేతికిచ్చి, ముందుగా ఈ పుట చదువుమని చెప్పవలెననుకొన్నాము.

పై నెలలో పసిపిల్లలకు పాలపండ్లు వచ్చునప్పటి బాధలను గూర్చి వ్రాయుదుము. ఆ విషయమై అడుగవలసినవి యున్నవారు ఎప్పటివలెనే ఉత్తరములు వ్రాయగోరుచున్నాము.